విమానములున్నవి, వైమానికులేరీ?

(అమలాపురమున ఒక పఠన మందిరమున గావించిన ప్రసంగపాఠము)



2025వ సంవత్సరము డిసెంబరు మొదటి వారమున మన దేశపు విమానాశ్రయములలో జరిగిన సంగతి మీరందఱును పత్రికలలో చదివియే యుందురు. డిసెంబరు 5వ తేదీ ఒక్కనాడే ఇండిగో కంపెనీవారి విమానములు వెయ్యికి పైగా రద్దయినవి. పెండ్లికి పోవలసినవారు, పరీక్షకు పోవలసినవారు, ఆసుపత్రికి పోవలసినవారు పెట్టెలపై తలలు వాల్చి తెల్లవార్లును గడపిరి. మిగిలిన కంపెనీల టిక్కెట్ల వెలలు మిన్నంటగా, మఱునాడు ప్రభుత్వమువారు కలుగజేసికొని, దూరమునుబట్టి ఇంతకు మించి వసూలు చేయరాదని హద్దులు పెట్టవలసివచ్చినది. తుపాను లేదు, యుద్ధము లేదు, నూనెకు కఱవు లేదు. కంపెనీవారు మొదట యంత్రలోపములనియు, చలికాలమనియు, ఆకాశమున రద్దీయనియు ఏమేమో చెప్పిరి గాని, నాలుగు దినములలోనే అసలు సంగతి బయటపడినది. విమానములు నేలపై బారులు తీరి నిలిచియున్నవి. వానిని నడుపువారి లెక్క కుదరలేదు.

ఆ లెక్క ఎందువలన తప్పినది? వైమానికులకు విశ్రాంతి చాలుట లేదని చాలకాలముగా మొఱ యున్నది. అందుపై పౌర విమానయాన డైరెక్టరు జనరలువారు 2024 జనవరిలో క్రొత్త నిబంధనలు ప్రకటించిరి. వారమునకు 36 గంటలుగా నున్న విశ్రాంతి 48 గంటలైనది. రాత్రివేళ ఆఱు మారులు విమానమును దింపవచ్చునని యున్నది రెండు మారులకు తగ్గినది. కంపెనీలు అభ్యంతరము చెప్పుటచే అమలు వెనుకబడి, వ్యవహారము ఢిల్లీ హైకోర్టు వఱకు పోయి, తుదకు 2025 జూలై 1న కొంతయు, నవంబరు 1న మిగిలినదియు ఆచరణలోనికి వచ్చినవి. అనగా దాదాపు రెండేండ్ల గడువు దొరికినదన్నమాట. రెండేండ్లలో మన రైతు ఇల్లు కట్టి, బిడ్డ పెండ్లి చేసి, అప్పులో సగము తీర్చుకొనును. దేశమున అన్నిటికంటె పెద్దదైన విమాన కంపెనీవారు ఆ గడువులో అఱువదియైదుగురు కెప్టెన్లను సమకూర్చుకొనలేకపోయిరి.

అఱువదియైదుగురు అనుట మేము ఊహించి చెప్పిన మాట కాదు. అప్పుడు వెలువడిన లెక్కలలో, క్రొత్త నిబంధనల ప్రకారము ఆ కంపెనీ ఎయిర్‌బస్ విమానములకు కెప్టెన్లు 2,422 మంది కావలసియుండగా ఉన్నవారు 2,357 మంది. కెప్టెను ప్రక్కన కూర్చుండు ఉపవైమానికులు, అనగా ఫస్టు ఆఫీసరులు, 2,153 మంది కావలసియుండగా ఉన్నవారు 2,194 మంది. ఈ నాలుగంకెలను దయచేసి జ్ఞాపకముంచుకొనుడు. పై మెట్టున 65 మంది తక్కువ. క్రింది మెట్టున 41 మంది ఎక్కువ. వైమానికుల కొఱత కలదని కేకలు వేయు కంపెనీలును, లక్షలు పోసి లైసెన్సు తెచ్చుకొని ఉద్యోగము దొరకక తిరుగుచున్న పిల్లవాండ్రును, ఇరువురును నిజమే చెప్పుచున్నారు.

ఈ రెండు నిజములు ఒకచోట ఎట్లు ఇముడునో చూతము. మనము వాడుకలో పైలటు లైసెన్సు అను వాణిజ్య లైసెన్సునకు కావలసినది ఇన్నూఱు గంటల గగనయానము. అది చేతికి వచ్చినవాడు చిన్న విమానమును నడుపగలడు. పెద్ద జెట్టు విమానమున ప్రక్క పీటపై కూర్చుండుటకే అతడు ఆ జాతి విమానమును గూర్చి వేఱుగ శిక్షణ పొందవలెను. కెప్టెను కావలెనన్నచో 1,500 గంటలు నిండి, అంతకు పై లైసెన్సు సంపాదించి, కంపెనీలో కొన్ని సంవత్సరములు మంచికిని చెడ్డకును నిలిచి, ఉరుములలోను మంచులోను దింపి, పెద్దల మెప్పు పొందవలెను. నేడు కొబ్బరిమొక్క నాటి రేపు దింపు తీయువాడు కోనసీమలో లేడు. 2020లో కరోనా జాడ్యము వచ్చినప్పుడు కంపెనీలు నియామకములు మానుకొన్నవి. ఉన్నవారినే జీతములేని సెలవుపై పంపినవి. ఆనాడు మొక్క నాటనివారికి 2025లో కాయ ఎక్కడ దొరకును?

మఱి ఆ కొఱతను కంపెనీలు ఎట్లు పూడ్చుకొనుచున్నవనగా, ఒకరి పెరటిలోని చెట్టును మఱొకరు పెకలించుకొని పోవుటచేత. 2023లో ఆకాశ ఎయిర్ అను క్రొత్త కంపెనీ నుండి నలుబదిమందికి పైగా వైమానికులు గడువు ఈయకయే వెడలిపోగా, ఆ కంపెనీ తన విమానములను రద్దు చేసికొని కోర్టునకెక్కినది. గల్ఫు దేశములవారు మన కెప్టెన్లను మంచి జీతములిచ్చి తీసికొనిపోవుచున్నారు. పోవువారిని మేము నిందింపము. పిల్లవాని స్వంత సొమ్ముతో నేర్చుకొనుమని చెప్పినవారికి, నేర్చిన పిదప దేశభక్తిని ఉపదేశించు హక్కు తక్కువ.

ఈ వ్యవహారము మనకేల, మనము కొబ్బరికాయల ధరను గూర్చి మాటలాడుకొనరాదా యని మీలో ఎవరికైన తోచవచ్చును. రైలుబండి ఎఱుగని పట్టణము మన అమలాపురము. 1928లో కాకినాడ నుండి కోటిపల్లి వఱకు వచ్చిన పట్టాలను రెండవ ప్రపంచయుద్ధకాలమున పెకలించుకొనిపోయిరి; ఆ దారి మరల 2004లో వచ్చినది. కోటిపల్లి నుండి నరసాపురమునకు పోవలసిన దారి మాత్రము ఎన్ని ప్రభుత్వములు మాఱినను గోదావరి పాయలపై వంతెన స్తంభముల రూపముననే మనలను ఊరించుచున్నది. అయినను రాజోలు, మలికిపురము, సఖినేటిపల్లి పల్లెలలో కువైటునకును, మస్కటునకును, దుబాయికిని పోని కుటుంబము లేని వీధి అరుదు. పంటు మీద గోదావరి దాటి, బస్సులో హైదరాబాదు చేరి, అక్కడినుండి విమానమెక్కిన స్త్రీలు ఎందఱో కలరు. విమానము మన సీమలో ధనికుల విలాసము కాదు. అన్నము కొఱకు పోవువారి బండి అది.

అట్టివారి ప్రాణము వైమానికుని నిద్రపై ఆధారపడియుండునని ఒకమారు ఋజువైనది. 2010 మే 22న దుబాయి నుండి మంగళూరు వచ్చిన ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ విమానము దిగునపుడు హద్దు దాటి లోయలో పడి 158 మంది మరణించిరి. ఎనిమిదిమంది మాత్రమే బ్రతికిరి. ఆ దినములలో కెప్టెన్లు చాలక మన కంపెనీలు విదేశీయులను తెచ్చుకొనుచుండెను; ఆ కెప్టెనును విదేశీయుడే. ప్రయాణమున చాలసేపు అతడు నిద్రలో నుండెననియు, దిగువేళ ప్రక్కనున్న మన ఉపవైమానికుడు మరల పైకి లేపుదమని మూడు మారులు హెచ్చరించినను సాగించెననియు విచారణ న్యాయస్థానమువారు తేల్చిరి. విదేశీయుడగుట నేరము కాదు. నిద్ర ఏ జాతివానికైనను వచ్చును. కాని కొఱత యున్నచోట అలసినవానిని ఇంటికి పంపు ధైర్యము ఎవరికిని ఉండదు. కనుకనే 48 గంటల విశ్రాంతిని కంపెనీల సౌకర్యముకొఱకు సడలించుటను మేము సమ్మతింపజాలము. డిసెంబరు కలతలో ఇండిగోకు 2026 ఫిబ్రవరి 10 వఱకు కొన్ని సడలింపులీయబడినవి. ప్రయాణికుల యిక్కట్టు చూచి ఇచ్చినారందురు, సరియే. అయితే వేళకు చేరుట యొకటి, చేరుట యొకటి.

ఇక ముందు కావలసినది చూడుడు. 2023 ఫిబ్రవరిలో ఎయిరిండియావారు 470 విమానములను కొనుటకు ఏర్పాటు చేసికొన్నట్లు ప్రకటించిరి. ఆ జూనులో ఇండిగోవారు 500 ఎయిర్‌బస్ విమానములకు ఉత్తరువు ఇచ్చిరి. రానున్న 15, 20 సంవత్సరములలో దేశమునకు 30,000 మంది వైమానికులు కావలెనని, 2024 జూనులో విమానయాన శాఖను చేపట్టిన మన శ్రీకాకుళపు కింజరాపు రామమోహన నాయుడుగారే చెప్పియున్నారు. 2023లో దేశమంతట ఈయబడిన వాణిజ్య లైసెన్సులు 1,622. అంకె చూచుటకు చాలుననియే తోచును. కాని అందెంతమంది కెప్టెను పీట వఱకు పోదురు? పోవువారు ఎవరి బిడ్డలు?

మా మాట యంతయు ఈ రెండవ ప్రశ్న యందే యున్నది. దేశమున తెలివిగల పిల్లలకు కఱవు లేదు. భౌతిక శాస్త్రము, గణితము చదివి ఇంటరు ప్యాసైన పదునెనిమిదేండ్ల వానికి ఈ విద్య తలుపు తెఱచియున్నది. ఆ రెండును చదివిన పిల్లలు మన కోనసీమలో ఎందఱు కావలెను? ప్రతి సంవత్సరము అమలాపురము, రాజోలు, కొత్తపేట కాలేజీల నుండి వెలువడి ఇంజనీరింగు కాలేజీలలో చేరి, అటుపిమ్మట హైదరాబాదు, బెంగుళూరు వీధులలో ఉద్యోగము వెదకికొనుచున్నవారు వీరే కదా! వీరిలో ఒక్కడును విమానమువైపు చూడకుండుటకు కారణము భయము కాదు, బుద్ధిమాంద్యము కాదు. రుసుము.

లైసెన్సు వఱకు శిక్షణకు నేడు అర్ధకోటికి అటు ఇటు వ్యయమగుచున్నది. పెద్ద విమానపు ప్రత్యేక శిక్షణ అందుపై మఱికొన్ని లక్షలు. కంపెనీలవారు తామే నడుపు శిక్షణ పథకములలో చేరినచో మొత్తము కోటి రూపాయల దరిదాపునకు పోవును. ఏడున్నర లక్షలు దాటిన విద్యాఋణమునకు బ్యాంకులు ఆస్తి తనఖా అడుగుట వాడుక. 1996 నవంబరు తుపానులో నేలగూలిన చెట్లను తీసివేసి, మొక్క నాటి, ఇరువదేండ్లు పెంచుకొన్న తోటను రైతు తన కొడుకు ఇన్నూఱు గంటలు ఎగురుటకు తనఖా పెట్టవలెను. తోట లేని కూలివాని కొడుకు మాట చెప్పనే అక్కఱలేదు. కాబట్టి కంపెనీలు అర్హులు లేరని చెప్పుచున్నపుడు వారు వెదకినది నూటనలుబది కోట్ల జనములో కాదు. కోటి రూపాయలు తేగల కొన్నివేల ఇండ్లలో. ఆ చిన్న చెఱువులో వల వేసి, సముద్రమున చేపలు లేవనుట విడ్డూరము.

మొదటినుండియు ఇట్లే యున్నదా? 1929 ఫిబ్రవరి 10న దేశమున మొదటి లైసెన్సు పొందిన జె.ఆర్.డి. టాటాగారు ఐశ్వర్యవంతులే; 1932 అక్టోబరు 15న కరాచీ నుండి బొంబాయికి తపాలా మూటలు తెచ్చిన విమానము వారిదే. కాని యుద్ధము ముగిసిన పిమ్మట దేశమున విమాన కంపెనీలు పుట్టగొడుగులవలె లేచుటకు కారణమేమి? అమెరికా సైన్యమువారు వదలిపోయిన డకోటాలు చౌకగా దొరకినవి; యుద్ధమున ప్రభుత్వ వ్యయముతో విద్య నేర్చిన వైమానికులు సిద్ధముగా నుండిరి. మన హైదరాబాదులో 1945లో వెలసిన డెక్కన్ ఎయిర్‌వేసు అట్టిదే. ఆడుదానివని ఇతర కంపెనీలు కాదన్న ప్రేమ్ మాథుర్‌గారికి పని ఇచ్చిన ఘనత ఆ కంపెనీది. 1953లో అన్నియు జాతీయమైనవి. అలహాబాదు సమీపమున బమ్రౌలీలో ప్రభుత్వము శిక్షణాలయము నడిపినది; 1986 నుండి ఫుర్సత్‌గంజ్‌లో ఇందిరాగాంధీ పేరిట అకాడమీ నడచుచున్నది. తరువాత స్వతంత్ర కంపెనీలు వచ్చినవి. టిక్కెట్ల వెల తగ్గినది, ప్రయాణికులు పెరిగిరి, మంచిదే. నేర్పు భారము మాత్రము మెల్లగా కంపెనీ పద్దులోనుండి తండ్రి పద్దులోనికి జాఱినది. ఈ మార్పును గూర్చి శాసనసభలలోగాని సభావేదికలపైగాని ఎవరును గట్టిగా అడిగినట్లు మాకు జ్ఞాపకము లేదు.

ఆ తండ్రి పోసిన సొమ్మునకు తగిన విద్య లభించునా యన్నది మఱొక ప్రశ్న. డైరెక్టరు జనరలువారు 2025 అక్టోబరులో మొదటిసారిగా దేశమందలి శిక్షణ పాఠశాలలను తూచి శ్రేణులుగ ప్రకటించిరి. తూచినవి 35. మొదటి రెండు శ్రేణులలో ఒక్కటియు నిలువలేదు. 13 మూడవ శ్రేణిని, 22 నాల్గవ శ్రేణిని ఉన్నవి. ఫుర్సత్‌గంజ్ అకాడమీ సైతము నాల్గవదాననే. విమానములు చాలవు, గురువులు చాలరు, వర్షములు వచ్చిన నెలలకొలది ఎగురుట లేదు. ఏడాదిలో ముగియవలసిన చదువు రెండు మూడేండ్లు సాగుచున్నది. అందుచే చేతనైనవారు అమెరికాకును, దక్షిణాఫ్రికాకును పోయి నేర్చుకొని వచ్చి, ఇక్కడ మరల పరీక్షలు వ్రాయుచున్నారు. వేఱొక దారి తొక్కినవారును కలరు. 2011లో గోవాలో ఒక విమానము ముందు చక్రముపై దిగుటతో విచారణ మొదలై, దొంగ మార్కుల పత్రములతో లైసెన్సులు పొందినవారి బండారము బయటపడినది. విద్యను అంగడి సరకు చేసినచోట కల్తీ సరకును వచ్చును.

మన జిల్లాకు 2022 నుండి డాక్టరు అంబేద్కరుగారి పేరున్నది. 1913లో ఆయన కొలంబియా విశ్వవిద్యాలయమునకు పోయినది తండ్రి తోట అమ్మి కాదు. బరోడా మహారాజు సాయాజీరావు గాయక్వాడుగారు మూడేండ్ల ఉపకారవేతనమిచ్చి పంపిరి. చదువు ముగిసిన పిమ్మట పదేండ్లు సంస్థానమున కొలువు చేయవలెనని ఒడంబడిక వ్రాయించుకొనిరి. ఒక సంస్థానాధీశుడు చేయగల పని ఒక స్వతంత్ర ప్రభుత్వము చేయలేదా? దళిత విద్యార్థుల ఉపకారవేతన నిబంధనలలో వాణిజ్య వైమానిక శిక్షణ పేరు లేకపోలేదు. కాగితముపై నున్న ఆ పేరు కొత్తపేట తాలూకా పిల్లవాని చెవిని ఎవరు వేసినారు? అది ఈ పఠన మందిరములు చేయదగిన పని. సంక్షేమ శాఖ కచ్చేరికి పోయి నిబంధనలు తెచ్చి గోడకు అంటించుటకు పెద్ద ధనమక్కఱలేదు.

మేము కోరునది ధర్మదానము కాదు. కంపెనీలు ఏటేట పరీక్ష పెట్టి తెలివినిబట్టి పిల్లలను ఏఱుకొనవలెను. శిక్షణ వ్యయము తాము భరించి, ఏడెనిమిదేండ్ల కొలువునకు ఒడంబడిక వ్రాయించుకొనవలెను. దారిలో లాగికొనిపోవు కంపెనీ ఆ వ్యయమును మొదటి కంపెనీకి చెల్లింపవలెను. ఇందుచే కంపెనీలు దివాలా తీయునందురా? డిసెంబరులో రద్దయిన విమానముల నష్టముతో ఎందఱు కెప్టెన్లను తయారు చేయవచ్చునో వారి గుమాస్తాలే లెక్కవేసి చెప్పగలరు. శిక్షణ స్థలముల సంగతియు కలదు. విమానాశ్రయాధికార సంస్థవారు 2022లో క్రొత్త పాఠశాలలకై ఎంచిన స్థలములలో మన కడప యున్నది. గోదావరి జిల్లాలకు మధురపూడి యున్నది. బ్రిటిషువారు వేసిపోయిన ఆ మైదానము చుట్టును పొలములు, పైన విశాలమైన ఆకాశము. అక్కడ ఒక పాఠశాల కావలెనని అమలాపురము, రాజమహేంద్రవరము ప్రతినిధులు కలిసి అడుగుటకు అభ్యంతరమేమి? రైలు కొఱకు అడిగి అడిగి మనకు అభ్యాసమైనదే కదా.

భయమును గూర్చియు ఒక మాట చెప్పవలెను. ఏలయన ఈ ఊరిలో దానిని తేలికగా కొట్టివేయరాదు. 2002 మార్చి 3న కైకలూరు వద్ద హెలికాప్టరు కూలి, మన ఎదుర్లంక బిడ్డ, లోకసభాపతి బాలయోగిగారును, వారితో నున్న అంగరక్షకుడును, నడిపినవాడును గతించిరి. ఆనాడు ఈ వీధులలో కన్నీరు పెట్టినవారు ఇంకను మన మధ్య నున్నారు. తల్లి వద్దనినచో ఆ తల్లిని పిఱికిదానినిగా మేము చెప్పము. కాని గరుత్మంతుని పేరిట వైనతేయ పాయ పారుచున్న సీమ ఇది. నడివరదలో నాటుపడవ నడుపు తండ్రులకు పుట్టిన పిల్లలు వీరు. గాలిని, నీటిని చదువుట వీరికి క్రొత్త విద్య కాదు.

ఆడపిల్లను పంపవచ్చునా యని ఒక పెద్దమనిషి మమ్మడిగిరి. మన దేశపు వైమానికులలో స్త్రీలు నూటికి పదునైదుగురు వఱకు ఉన్నారు; ప్రపంచమున సగటున అయిదారుగురు. విజయవాడలో పెరిగిన ఆనీ దివ్యగారు తల్లిదండ్రులు అప్పుచేసి పంపగా పదునేడవయేట ఫుర్సత్‌గంజ్‌లో చేరి, ముప్పదియవయేట, 2017లో, బోయింగు 777 విమానమునకు కెప్టెను అయినది. ఆంగ్లము సరిగా మాటలాడలేక మొదట నగుబాటు పడితినని ఆమెయే చెప్పుకొన్నది. మన పిల్లలకును ఆ చిక్కు కలదు. రేడియోలో కంట్రోలువారితో మాటలాడుట ఆంగ్లమున; అందులో నాల్గవ మెట్టు ప్రావీణ్యము లేనిదే అంతర్జాతీయ నిబంధనలు ఒప్పవు. అది పద్యములు వ్రాయు ఆంగ్లము కాదు; తడబడక చెప్పి, విన్నది తిరిగి చెప్పు ఆంగ్లము. ఆఱు నెలల సాధనలో వచ్చును.

తుదకు, ఈ సంవత్సరమే పిల్లవానిని పంపదలచిన తండ్రులకు. ఏజెంట్ల కరపత్రములను చూచి బయానా ఈయకుడు. ఇన్నూఱు గంటలు నింపినంతనే ఉద్యోగము ఖాయమని చెప్పువానిని, ఆ మాట కాగితముపై వ్రాసి ఈయుమని అడుగుడు. పాఠశాలలో ఎన్ని విమానములు ఎగురు స్థితిలో నున్నవో, గురువులెందఱో, గడచిన ఏడాది ఎందఱు లైసెన్సు పొందిరో స్వయముగా పోయి చూచి రండు. వీటన్నిటికంటె ముందుగ డైరెక్టరు జనరలువారు నియమించిన వైద్యుని యొద్ద రెండవ తరగతి పరీక్షయు, ఆపై మొదటి తరగతి పరీక్షయు చేయింపుడు. కండ్లద్దములున్నంత మాత్రమున పనికిరాడని భయపడవలదు. అద్దములతో చూపు సరిపడిన చాలును. రంగులను గుర్తింపలేని లోపము, గుండె, చెవి దోషములు మాత్రము అక్కడనే తేలిపోవును. ఆ పరీక్షకు కొన్నివేల రూపాయలే అగును. ఆ పత్రము చేతికి వచ్చువఱకు తోట కాగితములు పెట్టెలోనుండి తీయకుడు.